గోడకు పెట్టుకునే ఫోటోకు ఏ ప్రింటు మేలు?

ఫోన్‌లోనో కెమెరాలోనో ఉన్న ఫోటోను పెద్దదిగా ప్రింటు వేయించి గోడకు పెట్టుకోవాలని నిశ్చయించుకున్నవారికి అసలు చిక్కు దుకాణంలో అడుగుపెట్టాక మొదలవుతుంది. ల్యాబ్ ప్రింటా, ఇంక్‌జెట్టా, కాన్వాసా, అక్రిలిక్కా, మెటలా, ల్యామినేషనా అని కౌంటరు దగ్గర ఒకే వరుసలో అడుగుతారు. ఆ వరుసలోని పేర్లన్నీ ఒకే కోవకు చెందినవి కావు. కొన్ని పేర్లు రంగు ఎలా పడుతుందో చెబుతాయి. మరికొన్ని ఆ రంగు దేని మీద ఉంటుందో, దానికి ముందు వెనుకల ఏ రక్షణ ఉంటుందో చెబుతాయి. కాన్వాస్ మీద సన్నని రంగు రేణువులుండే పిగ్మెంట్ ఇంకుతోనూ ముద్రించవచ్చు, ఫ్లెక్సీలు వేసే సాల్వెంట్ యంత్రంతోనూ ముద్రించవచ్చు. రెండూ కాన్వాస్ ప్రింట్ల పేరుతోనే అమ్ముడవుతాయి గాని రంగులోనూ మన్నికలోనూ రెంటికీ పొంతన ఉండదు. అందువల్ల ఈ వ్యాసంలో ముద్రణ పద్ధతులను ఒక భాగంగానూ, ముద్రించిన బొమ్మను నిలిపే తీరును మరొక భాగంగానూ విడదీసి పోల్చాను. అంతకన్నా ముందు, ఏ పద్ధతికైనా వర్తించే కొలమానాలను చూద్దాం.

## ముందుగా తేల్చుకోవలసినవి

ఫైలులో ఎంత వివరం ఉంది, దాన్ని ఎంత దూరం నుంచి చూస్తారు. 12 మెగాపిక్సెళ్ల ఫోన్ ఫోటోలో సాధారణంగా 4032 × 3024 పిక్సెళ్లు ఉంటాయి. అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున ముద్రిస్తే అది సుమారు 13 × 10 అంగుళాల ప్రింటు అవుతుంది; 200 చొప్పున అయితే 20 × 15 అంగుళాల దాకా వెళ్లవచ్చు. 300 అనే అంకెను చాలామంది శాసనంలా చెబుతారు గాని అది చేతిలో పట్టుకుని చూసే ప్రింటుకు సంబంధించిన లెక్క. సాధారణమైన చూపుకు అంగుళానికి అవసరమయ్యే పిక్సెళ్ల సంఖ్య కావాలంటే 3438ని, చూసే దూరాన్ని అంగుళాల్లో తీసుకుని, దానితో భాగిస్తే చాలు. అడుగు దూరానికి సుమారు 286, రెండు అడుగులకు 143, ఆరు అడుగులకు 48 వస్తాయి. సోఫా వెనుక గోడ మీద ఉండే 24 × 36 అంగుళాల చిత్రానికి అంగుళానికి 150 పిక్సెళ్లు ఉంటే ధారాళంగా సరిపోతాయి. నడవాలో ముఖం ఆనించి చూసే 8 × 12 ప్రింటుకు అవి చాలవు.

ఈ లెక్కను ఒక్కసారిగా తలకిందులు చేసేది వాట్సాప్. మామూలుగా పంపిన ఫోటో అక్కడ పొడవు వైపు సుమారు 1600 పిక్సెళ్లకు కుదించుకుపోతుంది. దాన్ని 12 × 18 ప్రింటు వేయిస్తే అంగుళానికి 90 పిక్సెళ్లు కూడా ఉండవు. ఫైలును డాక్యుమెంటుగా పంపించుకోవడమో, తీసినవారి ఫోన్ నుంచి నేరుగా కేబుల్‌తో ఎక్కించుకోవడమో చేయకుండా కాగితం నాణ్యత గురించి ఆలోచించడం వృథా శ్రమ.

కొలతల నిష్పత్తి. చాలా కెమెరాలు 3:2 నిష్పత్తిలో తీస్తాయి. 4 × 6, 8 × 12, 12 × 18, 24 × 36 ఆ నిష్పత్తికి సరిపోతాయి. ఫోన్లు ఎక్కువగా 4:3లో తీస్తాయి. ఫోన్ ఫోటోను 12 × 18కి నింపితే వెడల్పు వైపు మొత్తం ఒకటిన్నర అంగుళం కోతకు గురవుతుంది. గ్రూప్ ఫోటోలో వెనుక వరుస వారి తలలు పోయేది సాధారణంగా ఈ కారణం చేతనే. 12 × 16 అడిగితే ఆ కోత ఉండదు.

వెలుతురు, గాలి, తేమ. పడమటి కిటికీకి ఎదురుగా ఉన్న గోడకూ, లోపలి గది గోడకూ ఒకే ప్రింటు వేయించకూడదు. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి తీరప్రాంతాల్లో ఎండకన్నా తేమ పెద్ద శత్రువు. బూజు కాగితం వెనుక నుంచి మొదలవుతుంది. వానకాలంలో చెమ్మగిల్లే బయటి గోడ ఏ ఊళ్లో ఉన్నా అదే గతి.

ఫోటోతో ఇంట్లోవారు ఏం చేస్తారు. ఈ కొలమానం విదేశీ పోలికల్లో కనిపించదు, మనకు మాత్రం తప్పనిసరి. తాతగారి పటానికి బొట్టు పెడతారు, దండ వేస్తారు, ముందు దీపం వెలిగిస్తారు, పండగకు ముందు తడిగుడ్డతో తుడుస్తారు. నూలు కాగితం మీద అద్దం లేకుండా నిలిపిన ఖరీదైన ప్రింటు మొదటి సంవత్సరీకానికే పాడవుతుంది. అదే గాజు అద్దం వెనుక ఉన్న మామూలు ప్రింటు మీద కుంకుమ పెట్టి తుడిచినా దానికి ఏమీ కాదు.

ఎన్నేళ్లు నిలవాలి. ఈ విషయంలో ప్రపంచమంతా చెప్పుకునే అంకెలు ఎక్కువగా అమెరికాలోని విల్‌హెల్మ్ ఇమేజింగ్ రీసెర్చ్ సంస్థ పరీక్షల నుంచి వస్తాయి. ఆ సంస్థ రోజుకు 12 గంటలపాటు 450 లక్స్ (లక్స్ అంటే వెలుతురును కొలిచే ప్రమాణం) వెలుతురు పడుతుందన్న లెక్కతో, ఫలానా ఇంకు ఫలానా కాగితం మీద ఎన్నేళ్లకు కంటికి తెలిసేంతగా వెలిసిపోతుందో అంచనా వేస్తుంది. ఇంకు ఒక్కటే చెబితేనో, కాగితం ఒక్కటే చెబితేనో ఆ అంకెకు అర్థం ఉండదు. డబ్బా మీద కనిపించే "100 సంవత్సరాలు" చాలాసార్లు ఆ రెండూ సొంత కంపెనీవే అయి, అద్దం కింద ఉన్నప్పటి మాట.

## ముద్రణ పద్ధతులు ఒక్క చూపులో

| పద్ధతి | వెలుతురులో మన్నిక | దగ్గర నుంచి చూస్తే | నలుపు–తెలుపు | ఖర్చు |
|---|---|---|---|---|
| ల్యాబ్ ప్రింటు (సిల్వర్ హాలైడ్) | మంచిది, దశాబ్దాలు | చుక్కలు ఉండవు | కొద్దిగా రంగు ఛాయ రావచ్చు | తక్కువ |
| డై ఇంక్‌జెట్ | ఇంకు, కాగితాలను బట్టి చాలా తేడా | మెరుపు, మంచి వివరం | మధ్యస్థం | తక్కువ |
| పిగ్మెంట్ ఇంక్‌జెట్ | అన్నిటికన్నా ఎక్కువ | అతి సన్నని చుక్కలు, కంటికి తెలియవు | అన్నిటికన్నా బాగుంటుంది | ఎక్కువ |
| డై సబ్లిమేషన్ (కాగితం) | మధ్యస్థం | చుక్కలు ఉండవు | మధ్యస్థం | చిన్న సైజులకే తక్కువ |
| డిజిటల్ ప్రెస్ (టోనర్, ఇండిగో) | ఆల్బమ్‌కు చాలు | భూతద్దంలో చుక్కల వరుసలు | మధ్యస్థం | ఎక్కువ పేజీలకు తక్కువ |
| యు.వి., సాల్వెంట్ | గట్టిదనం ఎక్కువ | గరుకుగా కనిపించవచ్చు | బలహీనం | తక్కువ నుంచి మధ్యస్థం |

## ల్యాబ్ ప్రింటు

ఫిల్ము రోజుల్లో వాడిన, వెండి లవణాల (సిల్వర్ హాలైడ్) పూత ఉన్న రసాయన కాగితమే ఇప్పటికీ పెద్ద కలర్ ల్యాబుల్లో నడుస్తోంది. మారినదల్లా నెగెటివ్ స్థానంలో లేజర్ వచ్చింది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం లేజర్ కిరణాలు కాగితం మీద డిజిటల్ ఫైలును గీస్తాయి, తరువాత ఆర్.ఎ.-4 అనే ప్రక్రియలో కాగితం డెవలపర్, బ్లీచ్-ఫిక్స్ ద్రావణాల గుండా సాగుతుంది. బొమ్మలోని వెండి ఈ దశలో పూర్తిగా కరిగి వెళ్లిపోయి, దాని చుట్టూ ఏర్పడిన రంగులు మాత్రమే మిగులుతాయి. ఫ్యూజీ క్రిస్టల్ ఆర్కైవ్, కొడాక్ ఎండ్యూరా ఈ రకపు కాగితాలు. ఫ్యూజీ ఫ్రంటియర్, నోరిట్సు ఈ రకపు యంత్రాలు.

ముఖాలు నిండుగా ఉన్న ఫోటోలకు దీనికి మించిన లాభసాటి పద్ధతి లేదని నా అభిప్రాయం. ఇంకు చుక్కలుగా పడదు కాబట్టి చెంప మీది వెలుగు నుంచి మెడ కింది నీడ దాకా రంగు తెంపు లేకుండా జారుతుంది. ఖర్చు తక్కువ కాబట్టి సందేహం ఉన్నప్పుడు మళ్లీ వేయించుకోవడానికి వెనుకాడనక్కర్లేదు. గ్లాసీ కాగితం ఆల్బమ్‌కు బాగుంటుంది గాని, ట్యూబ్‌లైటు ఉన్న హాల్లో గోడ మీద దానిలో మనమే కనిపిస్తాం. సన్నని గరుకు ఉన్న లస్టర్ అడగడం మంచిది. ముత్యపు మెరుపుతో వచ్చే మెటాలిక్ కాగితం నగలు, పట్టుచీరల ఫోటోలకు అందాన్ని ఇస్తుంది, పసిపిల్లల ముఖాలకు మాత్రం నప్పదు.

లోటుపాట్లు మూడు. మొదటిది, పక్కా నలుపు–తెలుపు ఫోటోను రంగుల కాగితం మీద వేస్తే ల్యాబు సర్దుబాటును బట్టి లేత ఆకుపచ్చో గులాబీ ఛాయో తొంగిచూస్తుంది. రెండవది, దీని ఉపరితలం జెలటిన్ పొర. అద్దానికి నేరుగా ఆనుకుని ఉంటే తేమకు మెత్తబడి అతుక్కుపోతుంది. పాత పటాల్లో అద్దం లోపలి వైపు నీటి మరక ఆకారంలో మెరిసే మచ్చ కనిపిస్తుందే, అది మరక కాదు, ఫోటో పొర అద్దాన్ని కరచుకున్న చోటు. ఆ పటాన్ని విప్పి లాగితే బొమ్మ అద్దంతోనే వస్తుంది. మూడవది పరిమాణం: చాలా చిన్న ల్యాబుల్లో కాగితపు చుట్ట వెడల్పు 12 అంగుళాలే, కాబట్టి పెళ్లి ఆల్బమ్‌కు 12 × 36 తేలికగా వస్తుంది గాని 20 × 30 కావాలంటే పెద్ద ల్యాబుకు పంపవలసి వస్తుంది.

## ఇంక్‌జెట్: రెండు వేర్వేరు లోకాలు

ఒకే పేరు కింద రెండు భిన్నమైన వస్తువులు ఉండటం వల్ల ఇక్కడే ఎక్కువమంది తప్పటడుగు వేస్తారు.

డై ఇంకులో రంగు ద్రవంలో పూర్తిగా కరిగి ఉంటుంది. వీధి చివరి స్టూడియోల్లో కనిపించే ఎప్సన్ ఎల్-805, ఎల్-1800 వంటి ఆరు రంగుల ట్యాంక్ ప్రింటర్లు ఈ రకానివే. రసాయనాల బెడద లేని డ్రై మినీల్యాబులు కూడా ఎక్కువగా ఇదే పని చేస్తాయి. కంపెనీ ఇంకు, మంచి కాగితం వాడితే మొదటి రోజున ఈ ప్రింటు ల్యాబ్ ప్రింటును తలదన్నేలా ఉంటుంది. తేడా తరువాత తెలుస్తుంది. త్వరగా ఆరిపోయే కాగితాల పైపొరలో సూక్ష్మమైన రంధ్రాలు ఉంటాయి. గాలిలోని ఓజోన్ వాటి గుండా లోపలికి చేరి రంగును తినేస్తుంది. అందుకే వెలుతురు లేని గదిలో అద్దం లేకుండా పెట్టిన ప్రింటు కూడా పాలిపోతుంది. డబ్బాల్లో దొరికే చౌక ఇంకు నింపిన యంత్రమైతే మన్నిక గురించి ఎవరూ హామీ ఇవ్వలేరు. డై ప్రింటు వేయిస్తే అద్దం తప్పనిసరి అని గుర్తుంచుకోవాలి.

పిగ్మెంట్ ఇంకులో రంగు కరగకుండా అతి సన్నని రేణువులుగా ఉంటుంది. వెలుతురు గాని ఓజోన్ గాని ఆ రేణువును అంత తేలికగా విడగొట్టలేవు. ఎప్సన్ అల్ట్రాక్రోమ్, క్యానన్ లూసియా ఇంకులు ఈ వర్గానివి. ఎప్సన్ పి-900, క్యానన్ ప్రో-1000 వంటి యంత్రాలు 17 అంగుళాల వెడల్పు దాకా, పెద్ద ఫార్మాట్ యంత్రాలు 24, 44 అంగుళాల దాకా ముద్రిస్తాయి. నలుపుతో పాటు ఒకటి రెండు బూడిద రంగు ఇంకులు కూడా ఉండటం వల్ల నలుపు–తెలుపు ఫోటోలకు ఈ పద్ధతికి సాటి లేదు.

పిగ్మెంట్ ప్రింటుకు కాగితం ఎంపిక సగం పని. 1584లో మొదలైన జర్మన్ కాగితపు సంస్థ హానెముళె తయారుచేసే ఫోటో రాగ్ 308 వంటి నూరు శాతం నూలు కాగితాలు మెరుపు లేకుండా, బొమ్మను దాదాపు చిత్రలేఖనంలా చూపిస్తాయి. బేరియం సల్ఫేట్ పూత ఉన్న బరైటా కాగితాలు పాతకాలపు డార్క్‌రూమ్ ప్రింటు మెరుపును ఇస్తాయి. మ్యాట్ కాగితం మీద నలుపు, గ్లాసీ లేదా బరైటా మీది నలుపంత లోతుగా రాదు. రాత్రి వేళ తీసిన చార్మినార్ ఫోటోకు బరైటా, పొగమంచులో అరకు లోయకు నూలు మ్యాట్ అని నేను చెబుతాను. తళతళ మెరిసే తెల్ల కాగితాలలో చాలావాటికి ఆ తెలుపు ఆప్టికల్ బ్రైటెనర్ అనే పదార్థం వల్ల వస్తుంది. కాలం గడిచేకొద్దీ దాని ప్రభావం తగ్గి కాగితం తన సహజమైన లేత పసుపుకు తిరిగి వస్తుంది. కొన్ని తరాలపాటు నిలవాలనుకునే ప్రింటుకు అది లేని కాగితం అడగాలి.

"జిక్లే ప్రింటు" పేరుతో ఎక్కువ ధర అడిగేవారు ఉన్నారు. 1991లో అమెరికాలో జాక్ డుగాన్ అనే ప్రింటర్ ఈ పేరు వాడుకలోకి తెచ్చాడు. దానికి ఏ ప్రామాణిక సంస్థ ముద్రా లేదు. పేరును పక్కన పెట్టి ఇంకు పిగ్మెంటా, కాగితం పేరేమిటి అని అడిగి బిల్లు మీద రాయించుకోవడమే సరైన పద్ధతి.

పిగ్మెంట్ ప్రింటుకూ బలహీనత ఉంది. మ్యాట్ కాగితం ఉపరితలం చాలా సున్నితం; గోరు తగిలినా గీత పడుతుంది. గ్లాసీ కాగితం మీద ముదురు రంగులున్న చోట, ప్రింటును ట్యూబ్‌లైటు కింద వంచి చూస్తే, రాగి రంగు మెరుపు కనిపించవచ్చు. కొత్త యంత్రాల్లో ఇది బాగా తగ్గింది గాని డబ్బు చెల్లించే ముందు ఒకసారి వంచి చూడటంలో నష్టం లేదు.

## త్వరగా చెప్పుకోదగిన మరికొన్ని

పెళ్లి మండపాల్లో అప్పటికప్పుడు చేతికిచ్చే ఫోటోలు డై సబ్లిమేషన్ ప్రింట్లు. డి.ఎన్.పి. వంటి యంత్రాలు పసుపు, మెజెంటా, సయాన్ రంగుల రిబ్బన్‌ను వేడిచేసి, ఆ రంగులను ఒకదాని తరువాత ఒకటిగా కాగితంలోకి ఎక్కించి, చివర పారదర్శకమైన రక్షణ పొర వేస్తాయి. వేలిముద్రలకు, నీటి తుంపరలకు అవి చెక్కుచెదరవు. సాధారణంగా 6 లేదా 8 అంగుళాల వెడల్పు దాటవు కాబట్టి గోడకు అంతగా పనికిరావు. వాడేసిన రిబ్బన్ మీద ప్రతి ఫోటో ఛాయ మిగిలిపోతుందని చాలామందికి తెలియదు. కుటుంబ ఫోటోలు వేయించినప్పుడు ఆ రిబ్బన్‌ను ఏం చేస్తారో అడగడం మీ హక్కు.

హెచ్.పి. ఇండిగో, ఇతర టోనర్ ప్రెస్సులు ఫోటో పుస్తకాలకు, చిరిగిపోని షీట్లతో చేసే ఆల్బమ్‌లకు అనువైనవి. భూతద్దంలో చూస్తే అచ్చు పత్రికలో లాగా చుక్కల పొందిక కనిపిస్తుంది. ఒడిలో పెట్టుకుని తిరగేసే పుస్తకానికి అది అడ్డు కాదు, ఒంటరిగా గోడ మీద నిలిచే ఫోటోకు వీటిని నేను సూచించను.

యు.వి. యంత్రంలో ఇంకు పడిన క్షణంలోనే అతినీలలోహిత కాంతికి గట్టిపడుతుంది. కాబట్టి అది కాగితం మీదే కాదు, సన్‌బోర్డు (తేలికైన ప్లాస్టిక్ నురగ పలక), గాజు, చెక్క, టైలు మీద కూడా నేరుగా ముద్రిస్తుంది. సాల్వెంట్, ఎకో-సాల్వెంట్ యంత్రాలు వినైలు, ఫ్లెక్సీల కోసం పుట్టాయి. దూరం నుంచి చూసే ప్రదర్శనలకు, పుట్టినరోజు వేదికలకు, దుకాణాల గోడలకు ఇవి చాలు. చేతి దూరం నుంచి చూస్తే ముఖాల్లో గరుకుదనం తెలుస్తుంది.

## ప్రింటును నిలిపే తీరు

పటం కట్టించడం. ఫ్రేము, అద్దం, ఫోటోకు అద్దానికి మధ్య ఖాళీనిచ్చే మౌంట్ బోర్డు, వెనుక అట్ట. అన్నిటిలోకి పాతదీ ఇప్పటికీ మెరుగైనదీ ఇదే, ఎందుకంటే ఇందులో ప్రతి భాగాన్నీ విడిగా మార్చుకోవచ్చు. మౌంట్ అందం కోసమని చాలామంది వద్దంటారు. జెలటిన్ పొర అద్దానికి అంటుకోకుండా ఆపేది ఆ చిన్న ఖాళీయేనని గుర్తుంచుకుంటే వద్దనరు. మౌంట్ కూడా డబ్బు మిగిలితే ఆమ్లం లేనిది ఎంచుకోవాలి. మామూలు అట్ట కొన్నేళ్లకు పసుపెక్కి ఫోటో అంచులకు ఆ మరకను అంటిస్తుంది. వెనుక నాలుగు మూలల్లో చిన్న కార్కు ముక్కలు అతికిస్తే గోడకు ఫ్రేముకు మధ్య గాలి ఆడుతుంది, చెమ్మ లోపలికి పాకదు. నూలు కాగితపు స్పర్శ కోసం అదనంగా చెల్లించి దాని ముందు మామూలు మెరిసే అద్దం బిగిస్తే ఆ స్పర్శ సగం కనపడదు. మన్నిక మాత్రం మిగులుతుంది.

కాన్వాస్. ప్రకటనల్లో దీనికున్న స్థానం దీని గుణానికి మించినదని నా భావన. నేత గరుకు చిన్న వివరాలను మింగేస్తుంది. ఇది తక్కువ పిక్సెళ్లున్న ఫోటోకు వరం, మంచి లెన్సుతో తీసిన ఫోటోకు నష్టం. చెక్క చట్రం చుట్టూ మడిచే పద్ధతిలో ప్రతి వైపూ ఒకటిన్నర నుంచి రెండు అంగుళాల బొమ్మ పక్కలకు పోతుంది కాబట్టి అంచుకు దగ్గరగా ఉన్న చెయ్యో పమిట కొంగో మడతలో పడుతుంది. కొనే ముందు మూలను దగ్గర నుంచి చూడాలి: పైపూత సరిగా లేని కాన్వాస్‌లో మడత వెంట ఇంకు పగిలి సన్నని తెల్ల గీత తేలుతుంది. అద్దం ఉండదు కాబట్టి తేలికగా ఉంటుంది, మెరుపు రాదు. అదే కారణం చేత దుమ్ము, వంటింటి జిడ్డు నేరుగా పడతాయి. పిగ్మెంట్ ఇంకు, పైన వార్నిష్ పూత ఉంటేనే తీసుకోవాలి.

అక్రిలిక్. ప్రింటు ముందు భాగాన్ని అక్రిలిక్ పలకకు శాశ్వతంగా అతికిస్తే రంగులకు లోతు, నలుపుకు నిగారింపు వస్తాయి. 2011లో న్యూయార్క్ క్రిస్టీస్ వేలంలో 43 లక్షల డాలర్లకు పైగా పలికిన జర్మన్ ఫోటోగ్రాఫర్ ఆండ్రియాస్ గుర్‌స్కీ ఛాయాచిత్రం "రైన్ 2" ఇలా అక్రిలిక్ వెనుక అతికించిన రంగుల ల్యాబ్ ప్రింటే. మన దుకాణాల్లో "అక్రిలిక్ ఫోటో" అన్నది మూడు వస్తువుల్లో ఏదైనా కావచ్చు: ఫోటో కాగితాన్ని అతికించినది, అక్రిలిక్ వెనుక వైపు యు.వి. ఇంకుతో నేరుగా ముద్రించినది, వినైలు స్టిక్కరు అంటించినది. ధరలో తేడా కొద్దిగానే ఉన్నా చూపులో తేడా చాలా ఉంటుంది, మొదటిదే అడగాలి. పొడి గుడ్డతో గట్టిగా తుడిస్తే గీతలు పడతాయి, పడిన గీతను విడిగా మార్చలేము. 24 × 36 అంగుళాల, 5 మిల్లీమీటర్ల పలక ఒక్కటే మూడు కిలోలు దాటుతుంది. ఒంటి మేకు మీద వేలాడదీయరాదు.

మెటల్. ప్రత్యేకమైన పూత ఉన్న అల్యూమినియం రేకులోకి సుమారు 200 డిగ్రీల సెల్సియస్ వేడిలో రంగును ఎక్కిస్తారు; క్రోమాలక్స్ రేకులు ఇందుకు పేరుపడ్డాయి. తేమకు, తడిగుడ్డకు భయపడని పద్ధతుల్లో ఇది ముందుంటుంది. తీరప్రాంతపు ఇంటికి, నీలి ఆకాశం, సముద్రం, నగర దీపాల ఫోటోలకు బాగుంటుంది. నేరుగా ఎండ పడే చోట దీని రంగులు కూడా వెలుస్తాయి.

ఎం.డి.ఎఫ్. (చెక్క పొట్టును జిగురుతో అదిమి చేసిన పలక) మీద ల్యామినేషన్. మన ఊళ్లలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే పద్ధతి ఇదే. పగిలే అద్దం లేదు, తేలిక, చౌక, తుడవడం సులువు. పిల్లలు బంతి ఆడే ఇంట్లో ఇవన్నీ విలువైన గుణాలే. ఎం.డి.ఎఫ్. చెమ్మకు ఉబ్బుతుంది, చెదలు పడుతుంది, పైపొర కింద గాలి బుడగలు లేస్తాయి, ఒకసారి అతికించాక ఫోటోను వెనక్కి తీయడం సాధ్యం కాదు. ఫైలు భద్రంగా ఉండి, పాడైతే మళ్లీ వేయించుకోగలిగిన ఫోటోకు తప్పు లేదు. ఒకే ఒక్క పాత ప్రతిని తీసుకెళ్లి దాన్నే ల్యామినేషన్ చేయించడం మాత్రం ఎన్నడూ చేయకూడదు.

## ఎవరికి ఏది

తాతముత్తాతల పాత ఫోటోను పెద్దది చేయించేవారికి. ఫోన్‌తో ఫోటోకు ఫోటో తీయకుండా స్కానర్ మీద 600 డి.పి.ఐ.లో (అంగుళానికి 600 చుక్కల చొప్పున) స్కాన్ చేయించాలి. 4 × 6 ఫోటో నుంచి 2400 × 3600 పిక్సెళ్లు వస్తాయి, 12 × 18కి అంగుళానికి 200 చొప్పున సరిపోతాయి. నలుపు–తెలుపు అయితే పిగ్మెంట్, మ్యాట్ కాగితం, మౌంట్, గాజు అద్దం. బొట్టు, దండ తప్పవు కాబట్టి ఇక్కడ అక్రిలిక్, కాన్వాస్ రెండూ వద్దు.

పెళ్లి ఫోటో హాల్లో పెట్టుకునేవారికి. లస్టర్ ల్యాబ్ ప్రింటు, మౌంట్, మంచి ఫ్రేము. ముద్రణలో మిగిలిన డబ్బును ఫ్రేములో పెడితే ఇంటికి వచ్చినవారికి తేడా తెలుస్తుంది. హాల్లో వెలుతురు ఎదురుగా పడి అద్దం మెరుస్తుంటే, మెరుపు తగ్గించే అద్దానికి ఖర్చు పెట్టడం కాగితానికి ఖర్చు పెట్టడంకన్నా ఉపయోగం.

గండికోట, పాపికొండలు వంటి ప్రకృతి దృశ్యాలను పెద్దగా పెట్టుకునేవారికి. ఫైలు బలంగా ఉంటే కాగితాన్ని అతికించిన అక్రిలిక్ లేదా మెటల్. ఫైలు బలహీనంగా ఉండి గోడ పెద్దదైతే కాన్వాస్.

ప్రదర్శనలో పెట్టి అమ్మాలనుకునే ఫోటోగ్రాఫర్లకు. హైదరాబాద్ మాదాపూర్‌లోని స్టేట్ ఆర్ట్ గ్యాలరీ వంటి చోట పెట్టే పనికి పిగ్మెంట్, బ్రైటెనర్ లేని నూలు లేదా బరైటా కాగితం తప్ప మరొకటి నేను చెప్పను. కొనేవారు అడిగే మొదటి ప్రశ్న మన్నికదే. ఇంకు, కాగితం, ప్రతుల సంఖ్య, ముద్రించిన సంవత్సరం రాసి, సంతకం పెట్టి ఇవ్వాలి. అమ్మకానికి కాకుండా వారం రోజుల ప్రదర్శనకు మాత్రమే అయితే సన్‌బోర్డు మీద అతికించిన ల్యాబ్ ప్రింట్లు సరిపోతాయి.

అద్దె ఇళ్లలో ఉండేవారికి. 8 × 12, 12 × 18 ప్రింట్లు నాలుగైదు తేలికైన ఫ్రేముల్లో పెట్టుకోవడం ఒక పెద్ద అక్రిలిక్ కన్నా సుఖం. ఇల్లు మారినప్పుడు గోడను బట్టి అమరిక మార్చుకోవచ్చు.

విదేశాల్లోని పిల్లలకు పంపాలనుకునే తల్లిదండ్రులకు. పటం కట్టి సూట్‌కేసులో పెట్టడంకన్నా, ప్రింటును బొమ్మ వైపు పైకి ఉండేలా గొట్టంలో చుట్టి పంపి, ఫ్రేము అక్కడే కట్టించుకోమనడం మంచిది. అంతకన్నా మేలైనది ఫైలునే పంపి అక్కడి ల్యాబులో వేయించుకోమనడం.

## దుకాణంలో అడగవలసినవి

ఫైలును ఎస్.ఆర్.జి.బి. అనే సాధారణ రంగుల పద్ధతిలో జె.పెగ్‌గా ఇస్తే దాదాపు ప్రతి ల్యాబూ సరిగా తీసుకుంటుంది; ఎక్కువ రంగులను పట్టే అడోబ్ ఆర్.జి.బి. పద్ధతిలో ఇచ్చి ల్యాబు దాన్ని గుర్తించకపోతే ఎరుపులు, ఆకుపచ్చలు నీరసపడతాయి. పిగ్మెంట్ ప్రింటుకు వెళ్తున్నవారు ఆ కాగితం మీద రంగులు ఎలా వస్తాయో వివరించే ఐ.సి.సి. ప్రొఫైల్ అనే ఫైలు అడిగి, ముందే తెరమీద ఎలా వస్తుందో చూసుకోవచ్చు. ఫోన్ తెర పూర్తి వెలుగులో ఉన్నప్పుడు చూసి సరిచేసిన ఫోటో కాగితం మీద చీకటిగా వస్తుంది, ఎందుకంటే కాగితం సొంతంగా వెలగదు; వెలుగును సగానికి తగ్గించి చూసి సరిచేయాలి. మీరే సరిచేసి ఇచ్చిన ఫైలైతే "కరెక్షన్ వద్దు" అని చీటీ మీద స్పష్టంగా రాయించాలి. లేకపోతే ల్యాబు ఆపరేటరు అలవాటు ప్రకారం ముఖాలను తెల్లబరచి, చామనఛాయను చెరిపేస్తాడు.

పెద్ద ప్రింటుకు ముందు పరీక్ష చేయించుకోవడానికి తేలికైన దారి ఉంది. 24 × 36 అంగుళాలకు సిద్ధం చేసిన ఫైలు నుంచి ముఖమో ముఖ్యమైన వివరమో ఉన్న 8 × 12 అంగుళాల ముక్కను, సైజు తగ్గించకుండా, అదే కాగితం మీద వేయించండి. ఆ ముక్కను అనుకున్న గోడకు టేపుతో అంటించి పగటి వెలుతురులో ఒకసారి, రాత్రి దీపం కింద ఒకసారి, మీరు కూర్చునే చోటు నుంచి చూడండి. పదునూ, రంగూ, చీకటీ సరిపోయాయో లేదో పూర్తి సైజుకు డబ్బు కట్టకముందే తేలిపోతుంది. మౌంట్ కింద పట్టుకోవడానికి చుట్టూ అంగుళం తెల్ల అంచు వదిలి ముద్రించమనండి. పిగ్మెంట్ ప్రింటైతే వేసిన వెంటనే అద్దం కింద బిగించకుండా కనీసం 24 గంటలు విడిగా ఆరనివ్వమని ఫ్రేము కట్టేవారికి చెప్పండి. ఇంకులో మిగిలిన ద్రావకం ఆవిరై అద్దం లోపలి వైపు మసకగా పేరుకోకుండా ఉంటుంది.